చావింటి గొంతు

ముక్కులో పెట్టిన దూది ఒకటి కొంచెం పక్కకు జారింది. ఎవరైనా సరిచేస్తే బాగుండు అనుకుంది హేమావతి, కానీ పైన అద్దం మూత, లోపల తిమ్మరాజు సారు, బతికుండగానే ఆయన ముందు చెయ్యెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఇప్పుడెవరు ఎత్తుతారు. జారింది. ఆ మాట తనలో తనే అనుకుంది, అయినా గొంతు దానంతటది గుటక వేసింది, దెబ్బలు తిన్న కుక్క కర్రను చూసి ఒదిగినట్టు. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్పిన గురువు పోయాడు. పెనుకొండలో ఆయన ఇంటి హాల్లో, ఆయన శవం పక్కన, ముఖ్య శిష్యురాలని అందరూ జరిగి చోటిస్తే కూర్చుంది. ఏడుపు రావడం లేదు. ధ్యాసంతా అద్దెకు తెచ్చిన ఈ ఫ్రీజర్ పెట్టె రొద మీదనే ఉంది. ఒకటే స్వరం, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, ముక్కుతో అన్నట్టు సన్నగా. తన శృతికి సరిగ్గా సరిపోతుంది. సిగ్గు లేదా నీకు అని తిట్టుకుంది, తిట్టుకుంటూనే పెదవులు కదపకుండా లోలోపల షడ్జం పట్టి చూసుకుంది. కలిసింది.

ఆదిలక్ష్మమ్మ వచ్చి పక్కన కూలబడింది. సారు భార్య. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించడం, కాఫీలు పంపడం, ఏడవడానికి తీరిక దొరకలేదు ఆమెకు, దొరికితే ఏడుస్తుందో లేదో ఆమెకే తెలియదు. "పాపా, మా కొడుకు అశోక్ కొడికొండ చెక్‌పోస్టు దాటినాడంట. వాడొచ్చినాంక ఇంగ ఎత్తేస్తారు. ఎత్తేముందు మీ సారుకు ఒక్క కీర్తన పాడు తల్లీ. ఏడుపులంటే గిట్టదు గదా ఆయప్పకి. పాటతో పోనీ." హేమావతి తలూపింది. తలూపినంత తేలిక కాదు పాడటం. అవతల సుధాకర్ అప్పుడే ఫోన్లో తంబూరా యాప్ తెరిచి పెట్టుకున్నాడు. సారు దగ్గర తన తర్వాత చేరినవాడు, ప్రతిదానికీ ముందుండేవాడు, పెళ్లయినా చావైనా వాడికి శృతి ఉంటే చాలు. "శృతి ఎంత పెట్టమంటావక్కా?" అని సైగలతో అడిగాడు. వద్దులేరా, సారే పెట్టెతో పాటు తెచ్చుకున్నాడు అనబోయి నాలుక కరుచుకుంది.

ఏడుపులంటే గిట్టదు. ఎందుకు గిట్టదో ఈ హాలుకు తెలుసు, ఈ బండలకు తెలుసు. ఇక్కడే, ఆ కిటికీ పక్కన నిలబెట్టి, ఏం వచ్చునే నీకు, పాడు అన్నాడు మొదటి రోజు. ధర్మవరం నుంచి అవ్వ ప్యాసింజర్‌లో తీసుకొచ్చింది, కొత్త పావడా, తలనిండా కనకాంబరాలు. పదేళ్ల పిల్లకు ఏం వచ్చు? అవ్వ దగ్గర విన్నదే వచ్చు. కళ్లు మూసుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఓ నా తల్లీ అని ఎత్తుకుంది, పై స్వరం నుంచి మెల్లగా కిందికి జారుతూ, మాట మధ్యలో ఎక్కిలి పెట్టి ఊపిరి లాగి, మళ్లీ ఎత్తుకుని. సారు నవ్వాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. వంటింట్లోకి కేకేసి, ఏమే, వచ్చి విను, పిల్ల నన్ను అప్పుడే చంపేసింది అన్నాడు. నవ్వు అయిపోయాక అవ్వ వైపు తిరిగాడు. "గొంతు ఉండాది. కానీ చావింటి గొంతు. దీన్ని కడగాల. కడిగేదానికి ఏండ్లు పడుతాది. నువ్వు మాత్రం నా ఇంట్లోకి రావద్దు ముసిల్దానా, నీ గాలి సోకితే మల్లా మొదటికొస్తాది." అవ్వ వెళ్లి గేటు బయట రాయి మీద కూర్చుంది. ఆ రోజే కాదు, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే రాయి. ఎండలో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, గోడ మీదుగా వచ్చే స్వరాలు వింటూ, మనవరాలి గొంతు వారానికి కొంచెం చొప్పున ఊడిపోవడం వింటూ.

అవ్వ పేరు రామాంజినమ్మ. ధర్మవరంలో వాళ్ల వీధిలో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు. కూలికి ఏడ్చేది కాదు, అలా అంటే చెప్పు తీసుకుంటుంది, పిలిస్తే పోయేది, అంతే. పోయిన మనిషి తల దగ్గర కూర్చుని వాళ్ల బతుకంతా రాగం తీసేది, తిన్న తిండీ తినలేని తిండీ, కట్టిన కోకా కట్టాలనుకున్న కోకా, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు. ఏడుపులో అన్న మాటను ఎవరూ పట్టుకోకూడదు, అది కట్టడి. తల్లికి ముద్ద పెట్టని కొడుకును ఆ తల్లి శవం మీదే కడిగేసింది ఒకసారి, వాడు మీసాలున్న మగవాడు, వీధి వీధంతా వింటుండగా తల దించుకుని నిలబడ్డాడు. కొంగు పట్టుకుని కూర్చున్న హేమకు ఆ మాటలు ఎక్కలేదు, ఆ మాటలు ఏ ఎత్తులో మొదలై ఎక్కడ విరిగాయో అది ఎక్కింది. ఇంటికొచ్చి మగ్గం పక్కన కూర్చుని అదే పాడేది. నాయన కుళ్లాయప్ప గుంతలో కాళ్లు పెట్టి నేస్తూ, దారం చుట్టిన నాడె అటూ ఇటూ పరిగెత్తిస్తూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపేవాడు. "ఆ జారినావు చూడు పాపా, ఆడ. అది మల్లొకసారి పాడు." పాడేది. నాయన వినేవాడు, ఏమీ అనేవాడు కాదు, మళ్లీ నాడె విసిరేవాడు. పట్టుచీర కుచ్చిళ్ల దగ్గర ఒక్కోసారి రంగు తేడా వచ్చి సావుకారు తిట్టేవాడంటే అందులో సగం పాపం తన పాటదే.

నాయన ఆపి విన్నచోటే సారు కొట్టేవాడు. కొట్టేవాడంటే కర్రతో కాదు, అంత శ్రమ పడే మనిషి కాదు. రొళ్ల దగ్గర ఆయనకు చేలు ఉన్నాయి, విత్తనానికని చెనక్కాయలు మూటల కొద్దీ వచ్చేవి, చేట ముందు పెట్టుకుని ఒలుస్తూ పాఠం చెప్పేవాడు. స్వరం జారితే "జారింది" అని ఒలిచిన డొప్ప విసిరేవాడు. ముఖం మీదికి. గురి తప్పేది కాదు, ఆ మనిషి గురిలోనూ శృతిలోనూ తప్పింది లేదు. జారింది, టప్. జారింది, టప్. కంటి రెప్ప మీద, పెదవి మీద, తెరిచిన నోట్లో. పాఠం అయ్యాక ఆ డొప్పలు తనే ఊడ్చి ఎత్తిపోయాలి, చేటలో ఎన్ని డొప్పలు పడ్డాయో చూపించాలి. అవి తగ్గుతూ వచ్చాయి. ఒక ఆదివారం ఒక్కటి కూడా పడలేదు. ఆ రోజు సారు ఒక గింజ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఎంత సంతోషం! తినకుండా రైల్లో గుప్పిట్లో పట్టుకుని ధర్మవరం దాకా వచ్చింది, నాయనకు చూపించింది. నాయన గింజను చూశాడు, పాడమన్నాడు, పాడింది. నాడె ఆగలేదు. ఎక్కడా ఆపలేదు ఆయన, చీర చివరంటా నేసుకుంటూ పోయాడు. బాగలేదా నాయనా? బాగుంది పాపా, శానా బాగుంది. ఆ బాగుంది ఇప్పటికీ చెవిలో ఉంది, డొప్ప తగిలినట్టే.

బయట ఎవరో అశోక్ సోమందేపల్లి వచ్చేశాడంట అన్నారు. ఇంకెంతసేపని, హైవే మీద కారు, రెప్పపాటు. ఏ కీర్తన పాడాలి. వచ్చినవన్నీ ఆయన నేర్పినవే, ఆయన నోట్లోంచి తీసి తన నోట్లో పెట్టినవే, ఆయన ఎంగిలి. ఎంగిలి ఆయనకే తిరిగి పెట్టాలి. గేటు వైపు చూసింది. అవ్వ వచ్చి ఉంది. ధర్మవరం నుంచి ఎప్పుడు వచ్చిందో, ఎవరు చెప్పారో, అదే రాయి మీద కూర్చుని ఉంది, లోపలికి రాలేదు. ఆదిలక్ష్మమ్మ పోయి పిలిచినట్టుంది, అవ్వ చెయ్యి అడ్డంగా ఊపడం కిటికీలోంచి కనిపించింది. "ఈడ అలవాటైపోయినాదిలే తల్లీ." ఇంతకాలం తర్వాత, రావద్దన్న మనిషి పెట్టెలో పడుకున్నాక కూడా. ఆ ముసలిదానికి పంతం లేదనేవాళ్లు ఆమెను ఎరగరు. సారు ఒక్కరికే పంతం ఉందనుకున్నారా.

ఒక్క చావుకు మాత్రం అవ్వ ఒంటరిగా ఏడ్చింది. సొంత కొడుకు చావు. నాయన గుంతలో కాళ్లు పెట్టినవాడు పెట్టినట్టే మగ్గం మీదికి వాలిపోయాడు, సగం నేసిన చీర మీద ముఖం పెట్టి. ఎవరో పెనుకొండకు ఫోన్ చేశారు, ఆదివారం పాఠం నడుస్తోంది, ఆ ఒక్క వారం అవ్వ ఇంటి దగ్గరే ఉండిపోయింది. సారు ఫోన్ పెట్టేసి, చేట పక్కకు నెట్టి, మెల్లగానే చెప్పాడు, అంత మెత్తగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. "మీ నాయన పోయినాడంట. పోయిరా. కానీ నోరు తెరవద్దు. హిందూపురం పోటీ పక్క వారమే ఉండాది. ఒక్క పూట చావింట్లో రాగం తీస్తివా, గొంతు చీలిపోతాది, నేను కడిగిందంతా బూడిదలో పోసిన పన్నీరు. ఇంగ నా గడప తొక్కొద్దు." కరక్కాయ ముక్క ఒకటి తీసి ఇచ్చాడు. బుగ్గన పెట్టుకో, నోరు దానంతటదే మూసుకుంటాది. పెట్టుకుంది. నాయన తల దగ్గర కూర్చుంది, బుగ్గన కరక్కాయ, నాలుకంతా వగరు. వీధి ఆడవాళ్లు వీపు మీద చరిచారు, ఏడువు పాపా, ఏడిస్తే పోతాది, నాయన గదా, ఒక్కసారి పిలువు. పిలవలేదు. అవ్వ రాగం తీస్తోంది, ఆ రాగం వంతు అందుకునే మనిషి కోసం మాటిమాటికీ ఆగుతోంది, పల్లవి దగ్గర ఆగినట్టు, ఇటు చూస్తోంది. తను చూపు తిప్పుకుంది. ఉమ్మి మింగింది. పాడె లేచింది. నోరెందుకు తెరవలేదే అని ఆ రాత్రి అవ్వ అడిగితే, చావింట్లో రాగం తీస్తే గొంతు పోతాదంట అంది. ఆ కరక్కాయ రుచి తర్వాత అన్నంలోనూ నీళ్లలోనూ ఎన్నాళ్లో పోలేదు, వీధిలో మాట మాత్రం ఇప్పటికీ పోలేదు. నాయన చస్తే నోరు పెగలని పిల్ల, ఇదేం పాటకత్తె అబ్బా.

ఇంతా చేసి హిందూపురంలో ఏమైంది. కల్యాణ మండపం నిండా జనం, మైకు, తెల్లటి లైటు. ఒక్క స్వరం జారలేదు. తోమిన గిన్నెలా ఉందమ్మా నీ పాట అన్నాడు పెద్దాయన ఒకడు, మెచ్చుకోలు అనుకుంది, ఇంకో ముక్క వచ్చింది వెనకనే, లోపల అన్నం లేదు. బహుమతి మడకశిర పిల్లకు పోయింది, దారి తప్పి, శృతి తప్పి, జనాన్ని ఏడిపించిన పిల్లకు. తిరుగుదారిలో కారులో పెనుకొండ కొండ కనబడ్డాక సారు అన్నాడు. "నీకు లోపల ఏమీ లేదే పాపా. నేనేం చేసేది?" కడిగినవాడే అన్నాడు ఆ మాట. గీకి గీకి అడుగుదాకా కడిగి, ఏదీ అని గిన్నె తిరగేసి చూసినవాడే. ఆ తర్వాత తనకు హిందూపురంలోనే ఒక స్కూల్లో పిల్లలకు ప్రార్థన నేర్పే పని, ముహూర్తాలప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రా, జనం వక్కలు నములుతుంటే వెనక నుంచి పాడటం. కొడుకును పోగొట్టుకున్న అవ్వ అప్పటి నుంచి ఏ చావుకూ పోలేదు. పిలిచినా పోలేదు. నా ఏడుపు అయిపోయినాది అంది.

కారు ఆగిన చప్పుడు. అశోక్ వచ్చాడు, బెంగళూరు చెమట, చేతిలో చెప్పులు. పెట్టె దగ్గర నిలబడి అద్దంలోంచి తండ్రిని చూసుకున్నాడు, ఏడవాలా వద్దా అని తల్లిని చూశాడు. పురోహితుడు పొద్దు దాటుతోందన్నాడు. ఎవరో ప్లగ్ పీకారు. రొద ఆగింది.

అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. పెట్టె ఆగిపోయాక కానీ తెలియలేదు హేమావతికి, ఇంతసేపూ తను దాన్ని ఆనుకుని కూర్చుందని. అందరూ తన వైపు చూస్తున్నారు. మూత తీశారు, సారును తెచ్చి పాడె మీద పడుకోబెట్టారు, ఆదిలక్ష్మమ్మ కళ్లతోనే పాడమంది, సుధాకర్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. కీర్తన మొదటి అక్షరం నోటికి వచ్చింది. నోరు తెరిచింది. వచ్చింది అది కాదు. "ఓ నా సారూ" అని పై స్వరం మీద ఎక్కడో పుట్టి, కిందికి, ఆ డొప్పలన్నీ రాలిన దారినే, నాయన నాడె ఆపిన చోటికి, మెల్లగా, ఏ తొందరా లేకుండా జారింది. జారింది. ఎవరు విసురుతారు ఇప్పుడు? లోపల ఏదో కట్ట తెగింది, భయం కాదు, దుఃఖమూ కాదు, ఆనందం. పచ్చి ఆనందం. ఇది నాది, ఇది నా గొంతు, ఇన్నాళ్లూ ఎక్కడ పోయావే.

"గేటు బయట మా అవ్వ కూసున్న రాయి ఈ పొద్దుకీ సల్లబడకపాయె గదా సారూ... డొప్పలిసిరిన నీ చెయ్యి ఒక్క ఈగను తోలకపాయె గదా సారూ... మా నాయన పీనుగు కాడ నా నోటికి కరక్కాయ పెడితివే సారూ... నీ నోటికి ఈ పొద్దు బియ్యం పెడతాండారే సారూ..."

జనం కదిలిపోయారు. మగవాళ్లు కండువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. హిందూపురంలో రాని కన్నీళ్లు ఇక్కడ వస్తున్నాయి, చూస్తోంది, ఏ మాటకు ఎవరు వంగిపోతున్నారో లెక్కగా చూస్తోంది. అన్నీ అనొచ్చు, ఏడుపులో అన్నమాట ఎవరూ పట్టుకోకూడదు. ఇంకో చరణం కావాలి, పైకి పోవాలి, పైకి పోవడానికి ఒక మాట కావాలి. ఉంది ఒకటి. ఎప్పుడో నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోతే ఆదిలక్ష్మమ్మ చెవిలో చెప్పుకున్న మాట. "పెండ్లికి ముందర నేనూ పాడేదాన్ని పాపా. వచ్చిన కొత్తల్లో పొయ్యి కాడ పాడుకుంటాంటే మీ సారు చెంబు ఇసిరినాడు. ఎవురికీ చెప్పొద్దు." కొడుక్కి కూడా తెలియని మాట. ఆ మాట వద్దు అని ఒక గొంతు అంది. శృతికి ఎంత బాగా కూర్చుంటుంది అని ఇంకో గొంతు అంది. రెండో గొంతుదే పైచేయి. ఎప్పుడూ దానిదే.

"పొయ్యి కాడ పాడుకున్న నీ ఇల్లాలి పాట సెంబు దెబ్బకు సచ్చిపాయె గదా సారూ... ఆ పాటకు పాడె కట్టినోళ్లు ల్యాకపాయిరి గదా సారూ..."

ఆదిలక్ష్మమ్మ అరిచింది. దానికి రాగం లేదు, మొదలూ చివరా లేదు, బండ మీద ఇనుము గీసినట్టు, ఊరి ముందు కోక ఊడదీస్తే ఆడది అరిచే అరుపు. అశోక్ ఆమెను పట్టుకున్నాడు, తల్లి ముఖంలోకి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ అరుపు పాటకు అడ్డం వచ్చింది. శృతి చెడుతోంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన మనిషి గుండెలు బాదుకుంటుంటే హేమావతి చేసిన పని ఒక్కటే, ఆ అరుపు వినపడకుండా తన గొంతు ఇంకో మెట్టు పైకెత్తింది. అందింది. నిలబడింది. ఎత్తిన నలుగురూ పాడెను భుజాల మీద పెట్టుకుని గేటు దాటేదాకా నిలబెట్టింది.

మగవాళ్లు వెళ్లిపోయారు. ఆడవాళ్లు హాలు కడగడానికి బిందెలు తెచ్చారు, హేమావతి పక్కనుంచి పోయేటప్పుడు కొంగు దగ్గరికి లాక్కున్నారు. ఆదిలక్ష్మమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. సుధాకర్ మాత్రం వచ్చి, మొత్తం రికార్డైంది అక్కా, గ్రూపులో పెట్టనా అన్నాడు. ఎలా వచ్చింది అని అడిగింది ఆమె. అడిగాక కానీ ఏం అడిగిందో తెలియలేదు.

గేటు బయట కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంది. అవ్వ రాయి మీదే ఉంది, టిఫిన్ డబ్బా లేదు, ఒళ్లో చేతులు మాత్రం ఉన్నాయి. మెచ్చుకుంటుందనుకుంది. ఇన్నాళ్లకు నీ గొంతు తెచ్చుకున్నాను చూడవ్వా, నీదే, మొత్తం నీదే.

"వింటివా అవ్వా?"

"వింటి. బాగ పాడినావు."

"పాడలా అవ్వా. ఏడిస్తి."

"ఏడిస్తే గొంతు యాడో ఒగచోట పగలాల పాపా. ఆ పెట్టె ఆపేసినా నీ శృతి ఆగలా." అవ్వ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి కొళాయి కట్టేసింది, తడిచేతులు కోకకు తుడుచుకుంది. కోపం లేదు ఆమెలో, ఉంటే బాగుండేది. "మీ నాయనకు పెట్టాల్సిన ఏడుపు. తెచ్చి ఈయప్పకు పెట్టేస్తివి. ఇంగ వానికేం మిగిలిచ్చినావే?"

అవ్వ లేచింది, మోకాలు పట్టుకుని మెల్లగా, రైలుకు పొద్దవుతోందన్నట్టు స్టేషను దారి వైపు చూసింది. నాలుగు అడుగులు వేసి ఆగింది.

"చావింట్లో రాగం తీస్తే గొంతు పోతాదంటివి గదా ఆ పొద్దు. ఏదీ, చూసుకో. ఉండాదో పోయినాదో."

అవ్వ పోయింది. హేమావతి ఆ రాయి మీద కూర్చుంది. ఎండకు కాలుతోంది రాయి, కూర్చుంది. వంటింటి కిటికీలోంచి ఏ చప్పుడూ లేదు. పోయి ఉండాలి అనుకుంది, చీలిపోయి ఉండాలి, దేవుడా, కనీసం బొంగురైనా పోయి ఉండాలి. కళ్లు మూసుకుని, ఎవరికీ వినపడకుండా, షడ్జం పట్టింది.

గొంతు చక్కగా ఉంది. ఎక్కడా గీత పడలేదు. పొద్దున్నటికంటే బాగుంది.